చదువు అప్పు తీరకముందే ఇటలీ యాత్ర: ఏ డబ్బుతో వెళ్లాలి?

ప్రశ్న: మేమిద్దరం జర్మనీలోని మాగ్డెబుర్గ్‌లో ఎం.ఎస్. చదువుతున్నాము. పెళ్లయి ఏడాదిన్నర అయింది. మావారు వచ్చే ఏప్రిల్‌లో థీసిస్ ఇస్తారు. నేను ఈ ఏప్రిల్‌లోనే వచ్చాను. ఆయనకు పార్ట్‌టైమ్ ఉద్యోగంలో నెలకు 980 యూరోలు చేతికి వస్తాయి, నాకు మినీజాబ్ అనే చిన్న పార్ట్‌టైమ్ పనిలో 540 వస్తాయి, నా చదువు అప్పుతో ముందే డబ్బు జమ చేసిన బ్లాక్డ్ అకౌంట్ నుంచి మరో 992 వస్తాయి. ఇద్దరి ఖర్చు 1,340. బ్యాంకులో 3,400 యూరోలు ఉన్నాయి. ఆయన చదువుకు తీసుకున్న రూ.20 లక్షల అప్పుకు 10.8 శాతం వడ్డీ. నెలనెలా రూ.18,000 మా మామగారు పింఛనులోంచి కడుతున్నారు. నా అప్పు రూ.18 లక్షలు, వడ్డీ రేటు అదే. అక్టోబరులో రోమ్, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్, మిలాన్ ఏడు రోజుల్లో చూపించే ప్యాకేజీ ఇద్దరికీ 2,800 యూరోలకు, 12 వాయిదాల్లో ఇస్తామంటున్నారు. ఈ సెలవుల్లో మావారికి ఎనిమిది వారాలపాటు అదనపు గంటలు ఇస్తామని కంపెనీవారు చెప్పారు, దానివల్ల దాదాపు 1,200 యూరోలు ఎక్కువ రావచ్చు. మామగారు ‘వెళ్లి రండమ్మా’ అన్నారు కానీ నాకు మనసొప్పడం లేదు. వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చునమ్మా. కానీ అక్టోబరులో కాదు, ఆ ప్యాకేజీలో కాదు, బ్యాంకులో ఉన్న ఆ 3,400 యూరోలతో అసలే కాదు.

ముందు ఆ 3,400 సంగతి చూద్దాం. మీరు వచ్చి నాలుగు నెలలైంది. నెలకు 992 చొప్పున బ్లాక్డ్ అకౌంట్ నుంచి మీ చేతికి వచ్చినది 3,968 యూరోలు. ఇప్పుడు బ్యాంకులో ఉన్నది అంతకంటే తక్కువ. కొత్త కాపురానికి పరుపు, వంటసామాను, ఇంటి డిపాజిట్ వంటివాటికి కొంత ఖర్చయి ఉంటుంది, అది సహజమే. అయితే మీరు ‘మిగిలింది’ అనుకుంటున్న మొత్తంలో మీ అప్పు డబ్బు కానిది ఒక్క యూరో కూడా లేదు. నెలకు 1,100 యూరోలకు పైగా మిగులుతున్నట్టు కనిపించడానికి కారణం, అప్పుగా తెచ్చిన 992ను కూడా మీరు ఆదాయంలో కలిపి చూడడమే. దాన్ని పక్కన పెడితే మీ ఇద్దరి సంపాదన 1,520, ఖర్చు 1,340, నిజమైన మిగులు 180 యూరోలు.

యూరోను రూ.100గా తీసుకుంటే 180 యూరోలు రూ.18,000 అవుతాయి. మీ మామగారు నెలనెలా కడుతున్న వడ్డీ కూడా సరిగ్గా అంతే. మీకు మనసొప్పకపోవడానికి మూలం బహుశా ఇక్కడే ఉంది. అందుకే నా మొదటి సలహా యాత్ర గురించి కాదు. ఈ నెల నుంచి ఆ 180 యూరోలను వడ్డీ కిందికి పంపండి. పింఛను మీద బతికే పెద్దాయనకు నెలకు రూ.18,000 ఊరట అంటే అది చిన్న విషయం కాదు. చదువు సాగుతున్న కాలంలో వడ్డీని ఎప్పటికప్పుడు కట్టేవారికి కొన్ని బ్యాంకులు 1 శాతం రాయితీ ఇస్తాయి. ఆ రాయితీ ఆయన ఖాతాకు వర్తిస్తున్నదో లేదో బ్రాంచిలో ఒకసారి అడిగించండి. రూ.20 లక్షల మీద అది ఏడాదికి రూ.20,000.

ఆ 3,400 యూరోలను వేరే సేవింగ్స్ ఖాతాలోకి మార్చి, అందులో చెయ్యి పెట్టకండి. దానికి రెండు పనులున్నాయి. వచ్చే ఏడాది మీ రెసిడెన్స్ పర్మిట్ పొడిగింపుకు వెళ్లినప్పుడు మళ్లీ ఏడాది ఖర్చులకు ఆధారం చూపమంటారు. ఈ ఏడాది లెక్క ప్రకారం ఆ ఆధారం 11,904 యూరోలు, ఖాతాలో ఉన్న ప్రతి యూరో అప్పుడు పనికివస్తుంది. ఇక మీవారు థీసిస్ ఇచ్చాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల వరకు పర్మిట్ దొరుకుతుంది కానీ, విద్యార్థిగా ఉన్నప్పటి పార్ట్‌టైమ్ ఉద్యోగం, చవకైన ఆరోగ్య బీమా రెండూ ఆ రోజుతో ఆగిపోవచ్చు. ఉద్యోగం వెంటనే దొరికితే సంతోషమే, దొరకకపోతే మూడు నెలల అద్దె ఈ డబ్బే కట్టాలి.

వాయిదాల ప్యాకేజీని నేను గట్టిగా వద్దంటాను. ఏడు రోజుల్లో అయిదు ఊళ్లంటే చూసేదానికంటే పెట్టె సర్దుకునేదే ఎక్కువవుతుంది. పైగా మీవారి ఉద్యోగం ఎటూ తేలని నెలల్లోనే 12 వాయిదాల్లో సగం పడతాయి. ఒక్కటి తప్పినా అది షూఫా అనే అప్పుల చరిత్ర రికార్డుకెక్కితే, రేపు ఉద్యోగం వచ్చిన ఊళ్లో ఇల్లు అద్దెకు దొరకడమే కష్టమవుతుంది.

మరి యాత్రకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మీవారి ఎనిమిది వారాల అదనపు పని నుంచి రావాలి. అది అప్పు కాదు, నెల ఖర్చులకు కేటాయించినదీ కాదు, ఆయన ఒళ్లు వంచి సంపాదించినది. ఆ 1,200 యూరోలే మీ యాత్ర బడ్జెట్, అంతకు మించి ఒక్క యూరో వద్దు. విద్యార్థి వీసాపై ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు అనే పని పరిమితి ఉంది కాబట్టి, చేసిన రోజుల లెక్కను ఒక పుస్తకంలో రాసుకుంటూ ఉండమనండి. ఆ నెలల్లో జీతం పెరిగినందుకు పన్ను కొంత ఎక్కువ కోయవచ్చు. ఏడాది ముగిశాక భార్యాభర్తలిద్దరూ కలిపి రిటర్ను వేస్తే అందులో చాలావరకు తిరిగి వస్తుంది.

ఇప్పుడు తేదీల గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీకు అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిల్చేది ఇదే. వాటికన్ మ్యూజియమ్స్‌కు ప్రతి నెలా చివరి ఆదివారం ప్రవేశం ఉచితం. ఇటలీ ప్రభుత్వ మ్యూజియాలకు, చారిత్రక కట్టడాలకు ప్రతి నెలా మొదటి ఆదివారం ఉచితం. ఒక నెల చివరి ఆదివారానికీ మరుసటి నెల మొదటి ఆదివారానికీ మధ్య ఎప్పుడూ సరిగ్గా ఏడు రోజులే ఉంటాయి. కాబట్టి మీ పరీక్షలు అయిపోయాక, ఫిబ్రవరి చివరి శనివారం సాయంత్రం రోమ్‌లో దిగి, మార్చి మొదటి ఆదివారం ఫ్లోరెన్స్‌లో ముగిసేలా ఎనిమిది రాత్రుల ప్రయాణం పెట్టుకోండి. అప్పటికి వెనిస్ కార్నివాల్ ఉత్సవాల రద్దీ తగ్గి ఉంటుంది, ఈస్టర్ జనం ఇంకా మొదలవరు, గదుల అద్దెలు అక్టోబరు కంటే బాగా తక్కువగా ఉంటాయి.

ఇలా వెళ్తే ఏం దొరుకుతుందో చూడండి. మైకెలాంజెలో చిత్రించిన సిస్టైన్ చాపెల్ పైకప్పును ఆ చివరి ఆదివారం ఉచితంగా చూస్తారు. ఆయన 1499లో పూర్తి చేసిన పియెటా శిల్పం ఉన్న సెయింట్ పీటర్స్ బసిలికాలో ఏ రోజైనా ప్రవేశ రుసుము లేదు. ఆయనే చెక్కిన మోషే విగ్రహం శాన్ పియెత్రో ఇన్ వింకోలి అనే చర్చిలో ఉంది, దానికీ టికెట్ లేదు. 1504 నాటి ఆయన డేవిడ్ శిల్పం ఉన్న ఫ్లోరెన్స్ అకడెమియా గ్యాలరీ మొదటి ఆదివారం ఉచితం. మీ ఇద్దరూ ప్రవేశానికి ఒక్క యూరో ఖర్చు పెట్టకుండా ఈ నాలుగింటి ముందూ నిలబడగలరు. ఇది ఎంత గొప్ప అవకాశమో మాటల్లో చెప్పలేను. అయితే ఉచితమైన రోజుల్లో వరస చాలా పొడుగ్గా ఉంటుంది, వాటికన్‌లో ఆ రోజు మధ్యాహ్నం 12:30 తర్వాత లోపలికి పంపరు. ఉదయం ఏడున్నరకల్లా వరసలో ఉండండి. ఫ్లోరెన్స్‌లో ఆ ఆదివారం అకడెమియా, ఉఫీజీ మ్యూజియం రెండూ అంటే అలసిపోతారు, అకడెమియాతో సరిపెట్టుకోవడం మేలు.

కొలోసియం మాత్రం డబ్బు పెట్టి చూడండి. పక్కనే ఉన్న పురాతన శిథిలాలు ఫోరమ్, పాలటైన్ కొండ కలిపి మనిషికి 18 యూరోలు. అక్కడ చాలామంది మన విద్యార్థులు ఒక పొరపాటు చేస్తారు. 18 నుంచి 25 ఏళ్లవారికి 2 యూరోల టికెట్ అని చూసి కొంటారు. అది యూరోపియన్ యూనియన్ పౌరులకు ఉద్దేశించినది. జర్మనీ రెసిడెన్స్ కార్డు ఉన్నా భారతీయ పాస్‌పోర్టుకు అది వర్తించదు. గేటు దగ్గర తిప్పి పంపితే డబ్బు, కేటాయించిన సమయం రెండూ పోతాయి.

ఇక ఖర్చు అంచనా. విమానానికి ఇద్దరికీ రానుపోను 180 యూరోలు, ఒక క్యాబిన్ పెట్టె రుసుముతో కలిపి. వెళ్లేది రోమ్‌కు, తిరిగి వచ్చేది బొలోన్యా లేదా పీసా నుంచి చూడండి, మళ్లీ రోమ్ దాకా వెనక్కి వెళ్లే ఖర్చు తప్పుతుంది. రోజుకు 55 చొప్పున ఎనిమిది రాత్రుల గదికి 440 యూరోలు. గది అద్దెలో కలవకుండా ప్రతి ఊళ్లో మనిషికి, రాత్రికి ఇంత అని పర్యాటక పన్ను విడిగా కట్టించుకుంటారు, దానికి 64 తీసి పెట్టండి. రైళ్లకు 120. రోమ్ నుంచి వెనిస్‌కు, వెనిస్ నుంచి ఫ్లోరెన్స్‌కు వేగవంతమైన రైళ్ల టికెట్లు రెండు మూడు నెలల ముందే కొంటే చవక, ఆఖరి రోజున కొంటే రెండింతలు దాటవచ్చు. ప్రాంతీయ రైళ్ల ధర మాత్రం ఎప్పుడు కొన్నా ఒకటే, ముందుగా కొనవలసిన పని లేదు. కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీద ఉన్న చిన్న యంత్రంలో దూర్చి తేదీ ముద్ర వేయించుకోవాలి. నేను ఒకసారి రైలు కదిలిపోతుందన్న కంగారులో అది మరిచిపోయి, చేతిలో టికెట్ ఉండి కూడా జరిమానా కట్టాను.

భోజనానికి రోజుకు మనిషికి దాదాపు 14 యూరోల లెక్కన 220 పెట్టాను. ఇది బిగుతు లెక్కే, కానీ సాధ్యమే. అక్కడి కాఫీ బార్లలో కౌంటరు దగ్గర నిలబడి తాగే కాఫీకి ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే మరో ధర ఉంటుంది. పెద్ద కూడళ్లలో ఆ తేడా మూడు నాలుగింతలు కూడా అవుతుంది. పీత్సాను తూకం లెక్కన కోసి ఇచ్చే దుకాణాలు ప్రతి వీధిలో ఉంటాయి. మధ్యాహ్నం అక్కడ తిని, రాత్రికి గదిలో వండుకునే వీలున్న బస చూసుకోండి. క్యాబిన్ పెట్టెలో పచ్చడి సీసా పెట్టుకోవాలనుకుంటే చాలా విమానాశ్రయాల్లో 100 మి.లీ. దాటకూడదు, భద్రతా తనిఖీలో దాన్ని కూడా ద్రవ పదార్థంగానే చూస్తారు. నీళ్ల సీసాలు కొనకండి. రోమ్ వీధుల్లో వంకర ముక్కులాంటి గొట్టంతో పోత ఇనుము కుళాయిలు కనిపిస్తాయి, వాటిని నసోనీలు అంటారు. వాటిలో నీళ్లు పగలూ రాత్రీ పారుతూనే ఉంటాయి. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు విల్లులా ఎగసి నేరుగా నోటికి అందుతాయి. మంచి నీళ్లు, చల్లగా ఉంటాయి.

వెనిస్‌లో లోపల బస చేయకుండా ఇవతలి గట్టున ఉన్న మెస్ట్రేలో ఉండండి, అక్కడి నుంచి సాంతా లూచియా స్టేషన్‌కు రైల్లో పది నిమిషాలు. 2024లో మొదలుపెట్టిన ప్రవేశ రుసుము ఏప్రిల్ నుంచి జులై మధ్య ఎంపిక చేసిన రోజులకే కాబట్టి మీకు ఆ బెడద లేదు. వాపొరెత్తో అనే నీటి బస్సులో ఒక్కసారి ఎక్కితే మనిషికి 9.50 యూరోలు. 29 ఏళ్లలోపు వారికి రోలింగ్ వెనిస్ కార్డు 6 యూరోలకు ఇస్తారు, దానితో 72 గంటల పాసు 27కు వస్తుంది. ఇద్దరికీ 66 అవుతుంది. వెనిస్ సంప్రదాయ పడవ గొండోలాకు నగరపాలక సంస్థ నిర్ణయించిన ధర పగటిపూట 30 నిమిషాలకు 90 యూరోలు, అది మీ బడ్జెట్‌లో పట్టదు. గ్రాండ్ కెనాల్‌ను దాటించడానికి త్రగెత్తో అనే పడవలు ఉంటాయి. అవీ గొండోలా తీరువే, మనిషికి 2 యూరోలు. దాటేది కొద్ది నిమిషాలే అయినా, ఆ నీటి మీద ఆ పడవలో కూర్చున్న అనుభవం మీకు దక్కుతుంది.

రోమ్ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి, ఊళ్లో తిరగడానికి 30 యూరోలు అనుకోండి. ఫ్యుమిచీనో విమానాశ్రయంలో దిగితే 14 యూరోల ఎక్స్‌ప్రెస్ బదులు 8 యూరోల ప్రాంతీయ రైలు ఎక్కండి. కొలోసియం టికెట్లకు 36. అన్నీ కలిపితే 1,156 అవుతుంది, మిగిలిన 44 చేతిలో ఉంచుకోండి. పీసా, మిలాన్ ఇప్పటికి వదిలేయడం నాకూ బాధగానే ఉంది కానీ, అవి మీ చేతికి అందే దూరంలోనే ఉన్నాయి, ఉద్యోగం వచ్చాక వెళ్లవచ్చు.

కొత్త సిమ్ అక్కర్లేదు, మీ జర్మనీ నంబరు ఇటలీలో అదనపు రుసుము లేకుండా పనిచేస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు వెనుకవైపు యూరోపియన్ కార్డు ముద్రించి ఉంటుంది, దాన్ని వెంట ఉంచుకోండి. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ తప్పనిసరి.

అక్టోబరు జీతం పడ్డాక విమాన టికెట్లు, నవంబరులో రద్దు చేసుకునే వీలున్న గదులు, డిసెంబరులో రైళ్లు, ఈ వరసలో బుక్ చేసుకోండి. అయితే విమాన టికెట్లు కొనడానికంటే ముందే ఆగస్టు, సెప్టెంబరు నెలల 180 యూరోలు ఇంటికి చేరాలి. అవి చేరిన రోజున మామగారికి మీరే ఫోన్ చేసి, యాత్ర ఎప్పుడో, ఎంతవుతుందో, ఆ డబ్బు ఏ పని చేస్తే వచ్చిందో ఆయనకు చెప్పండి.