ఒక్క మెతుకు, చిటికెడు ఉప్పు

ప్రశ్న: ఆఫీసుకి వెళ్తూ హైదరాబాద్‌లో ‘ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్డు’ అన్న బోర్డు రోజూ చూస్తుంటాను. లెక్కల్లో పెద్దాయన అని తెలుసు, అంతకుమించి తెలీదు. కన్నడాయన అని మా కొలీగ్ వాదిస్తాడు. ఇంతకీ ఆయన ఏం కనిపెట్టారు? లెక్కలంటే టెన్షన్ పడే నాలాంటివాడికి అర్థమయ్యేలా చెప్పండి.

జవాబు: ముందు మీ కొలీగ్ సంగతి తేల్చేద్దాం. కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు 1920లో హడగలిలో పుట్టారు, ఆ ఊరు ఇప్పుడు కర్ణాటకలో ఉంది, కాబట్టి మీ కొలీగ్ మాటలో సగం నిజమే. కానీ ఇంట్లో మాట్లాడింది తెలుగు. నాన్నగారిది పోలీసు ఉద్యోగం కావడంతో గూడూరు, నూజివీడు, నందిగామ అంటూ ఊళ్లు తిరుగుతూ చదివి, చివరికి విశాఖపట్నం చేరి ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఫస్ట్ వచ్చారు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారట. రోజూ తెల్లవారుజామున నాలుగింటికే లేపి, నూనె దీపం వెలిగించి చదివించింది అమ్మేనని ఒక పుస్తకాన్ని ఆవిడకే అంకితమిచ్చారు.

ఇక ఆయన చేసిన పని. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకు చూస్తాం కదా, స్టాటిస్టిక్స్ కూడా అంతే, కొంచెం చూసి మొత్తం గురించి చెప్పడం. అలా చెప్పిన మాట ఎంతో కొంత అటూ ఇటూ అవుతుంది, మరి ఆ తేడాని ఎంతవరకు తగ్గించగలం? శాంపిల్ చాలా పెద్దదైతే ఏమవుతుందో ఇంగ్లండులో ఫిషర్ అనే స్టాటిస్టీషియన్ అప్పటికే చెప్పాడు. 1944లో రావు గారు కలకత్తా యూనివర్సిటీలో ఆ పాఠమే చెబుతుంటే, చిన్న శాంపిల్‌కి కూడా ఇలాంటిది ఉందా అని ఒక విద్యార్థి అడిగాడు (ఆ కుర్రాడే తర్వాత పెద్ద ఆర్థికవేత్త అయిన దాండేకర్). పంతులుగారికి అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. రేపు చూద్దాంలే అని దాటవేయకుండా ఆ రాత్రే కూర్చుని లెక్క తేల్చేశారు: ఒక పక్కకి మొగ్గని సూత్రం (అంటే సగటున ఎక్కువా తక్కువా చెప్పనిది) ఏది వాడినా సరే, మీ దగ్గరున్న సమాచారాన్ని బట్టి ఆ తేడాకి ఒక కింది హద్దు ఉంటుంది, ఎంత తెలివైనవాడైనా దాని కిందికి దిగలేడు. 1945లో అచ్చయింది. స్వీడన్‌లో క్రామెర్ కూడా విడిగా ఇదే కనుక్కోవడంతో దానికి క్రామెర్-రావు అని పేరొచ్చింది. రాడార్ మీద పనిచేసే ఇంజనీర్లు ఇవాళ్టికీ తమ లెక్కని ఆ హద్దుతోనే పోల్చి చూసుకుంటారు.

ఇదంతా అయ్యాక ఎప్పటికో, 2023లో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. స్టాటిస్టిక్స్‌కి నోబెల్ లేదు కాబట్టి దీన్నే ఆ స్థాయిలో చూస్తారు. అప్పటికి ఆయనకి 102 ఏళ్లు, అదే ఆగస్టులో అమెరికాలో పోయారు. ఇంత ఆలస్యమా అని నాకైతే ఒళ్లు మండింది.

ప్రశ్న: స్టాటిస్టిక్స్ అంటే అంకెల గారడీ అంటాడు మా మామయ్య. నిజమేనా?

జవాబు: గారడీ చేసేవాళ్లు లేకపోలేదు. అయితే ఆ గారడీని పట్టుకునేది కూడా స్టాటిస్టిక్సే. రావు గారు తన పుస్తకంలో చెప్పిన సంగతే వినిపించండి మీ మామయ్యకి. 1947 అల్లర్లప్పుడు ఢిల్లీ ఎర్రకోటలో శరణార్థులు తలదాచుకున్నారు. తిండి పెట్టేది కాంట్రాక్టర్లు, బిల్లులు కొండంత, లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టే వీల్లేదు. అప్పుడు జె.ఎం. సేన్‌గుప్తా అనే స్టాటిస్టీషియన్ కాంట్రాక్టర్లు కొన్నామన్న బియ్యం, పప్పు, ఉప్పు ఎంతెంతో తీసుకుని, మనిషికి రోజుకి ఎంత పడుతుందో ఆ లెక్కతో భాగించాడు. మూడిటికీ మూడు జవాబులొచ్చాయి, బియ్యం లెక్కలో జనం ఎక్కువ, ఉప్పు లెక్కలో తక్కువ. ఉప్పు లెక్కనే తీసుకోమన్నాడు. ఆ రోజుల్లో ఉప్పు అంత చవక, దాని మీద దొంగ లెక్క రాస్తే కాంట్రాక్టరుకి మిగిలేదేముంది? హుమాయూన్ సమాధి దగ్గరున్న చిన్న శిబిరంలోనూ ఇదే చేస్తే, అక్కడి అసలు సంఖ్యకి దగ్గరగానే వచ్చింది.