రెండు స్పెల్స్ గుద్దుకున్నప్పుడు: చిన్నోడికి పిన్ని ఉత్తరం

చిన్నోడా,

రాత్రి పదకొండున్నరకి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ పొద్దున కాఫీ తాగుతూ విన్నా, నాలుగు నిమిషాల్లో మూడు నిమిషాలు వెనకాల మీవాళ్ళ అరుపులే. పీజీ ఓనర్ వచ్చి "ఏన్రీ గలాటె" అని తలుపు కొట్టాడంటే నవ్వాపుకోలేకపోయా, మారతహళ్ళి పీజీలో అర్ధరాత్రి గొడవంటే అద్దె గురించో బాత్రూమ్ గురించో అనుకుంటారు గానీ నువ్వు నడిపించే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం షీల్డ్ అనే రక్షణ మంత్రానికి ఆగుతుందా ఆగదా అని ఐదుగురు కొట్టుకుంటున్నారని ఆయనకెలా తెలుస్తుంది పాపం.

ఆగదు. ముందు ఆ పంచాయితీ తేల్చేస్తా. షీల్డ్ స్పెల్ చేసేది ఏంటి, నీ తర్వాతి టర్న్ మొదలయ్యేదాకా నీ ఏసీకి, అంటే నిన్ను కొట్టాలంటే అవతలోడి డైస్ అందుకోవాల్సిన ఆర్మర్ క్లాస్ అంకెకి, 5 కలుపుతుంది, మ్యాజిక్ మిసైల్ అనే స్పెల్‌ని తగలనివ్వదు, అంతే. ఫైర్‌బాల్ వేసినోడు నీ ఏసీ మీద డైస్ వెయ్యడు కదా, నువ్వే డెక్స్‌టెరిటీ సేవ్, అంటే చురుగ్గా తప్పించుకునే డైస్, వేసుకోవాలి, ఫెయిలైతే 8 డీ6 (ఆరు ముఖాల డైస్ ఎనిమిది వేస్తే వచ్చినంత దెబ్బ) మొత్తం తింటావు, పాసైతే సగం. అక్కడ ఏసీ ఊసే లేదు, లేనిదానికి 5 కలిపితే ఏం లాభం.

మీవాడి తప్పు కూడా కాదులే. మనందరం చిన్నప్పట్నుంచి పౌరాణిక సినిమాలు చూసి పెరిగినోళ్ళం, ఒకడు ఆగ్నేయాస్త్రం వేస్తే ఇంకోడు వారుణాస్త్రం వేస్తాడు, రెండు బాణాలూ ఆకాశంలో ఎదురెదురుగా వచ్చి టపీమని పేలిపోతాయి. అందుకని మనకి మంత్రం అనగానే ఏది పెద్దది ఏది చిన్నది అనే లెక్కే తోస్తుంది. ఈ ఆటలో ఆ లెక్క చాలా తక్కువ చోట్ల ఉంది. స్పెల్‌లో రాసింది జరుగుతుంది, రాయనిది జరగదు. కాబట్టి రెండు స్పెల్స్ గుద్దుకున్నాయి అనిపించినప్పుడల్లా ఏది గొప్పది అని అడక్కు, ఇది దేన్ని ముట్టుకుంటోంది, అది దేన్ని ముట్టుకుంటోంది అని అడుగు. రెండూ వేరేవేరే వాటిని ముట్టుకుంటుంటే అసలు గొడవే లేదు. ఇరవై ఏళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి నేను నేర్చుకున్నదీ అదే అనుకో.

ఇంకో ముక్క, ఎడిషన్ సంగతి. నీ దగ్గరున్నది 2014 ఐదో ఎడిషన్, ఆ విజార్డ్ పాత్ర ఆడే కుర్రాడు ఫోన్‌లో చదువుతున్నది 2024లో మార్చిన రూల్స్ లాగా ఉన్నాయి, వాయిస్ మెసేజ్‌లో వాడి మాట వింటేనే తెలిసిపోయింది. పేర్లు అవే, లోపల మాత్రం చాలా స్పెల్స్ మారాయి. రెంటినీ కలిపి ఆడటమంటే తెలుగు పంచాంగం ఒకడు, తమిళ పంచాంగం ఒకడు పట్టుకుని ముహూర్తం పెట్టడమే. ఈ క్యాంపెయిన్‌కి ఏదో ఒకటి అని ఇవాళే గ్రూప్‌లో పెట్టెయ్. పుస్తకం కొనే డబ్బుల్లేవంటే 2014 రూల్స్‌లో ముఖ్యమైనవన్నీ 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఫ్రీగా ఉన్నాయి, అందులోంచి స్పెల్స్ ప్రింట్ తీసి మధ్యలో పెట్టుకోండి, ఎవడి ఫోన్ వాడు చూసుకోవటం ఆపండి. నేను ఇక్కడ చెప్పేవి 2014వే, మారినచోట చెప్తా.

సరే ఏసీ దగ్గరికొద్దాం, ఎందుకంటే డ్రూయిడ్ పాత్ర ఆడే మీ పిల్ల వచ్చే వారం ఇదే గొడవ తెస్తుంది. ఏసీ మీద చెయ్యేసే స్పెల్స్ మూడు రకాలు. ఒకటి లెక్కనే మార్చేసేది, మేజ్ ఆర్మర్ లాంటిది, మామూలుగా 10 ప్లస్ డెక్స్ (డెక్స్‌టెరిటీ బోనస్) ఉండేదాన్ని 13 ప్లస్ డెక్స్ చేస్తుంది. రెండోది ఆ లెక్క మీద కలిపేది, షీల్డ్ ఇచ్చే 5, షీల్డ్ ఆఫ్ ఫెయిత్ ఇచ్చే 2. మూడోది ఇంతకంటే కింద పడనివ్వను అనేది, బార్క్‌స్కిన్, దాంట్లో ఏసీ 16 కంటే తగ్గదు, అంతే తప్ప 16 ప్లస్ అని ఎక్కడా రాయలేదు. ఇప్పుడు చూడు, ఒంటి మీద ఆర్మర్ లేదు, డెక్స్ ప్లస్ 3 ఉంది. మేజ్ ఆర్మర్ ఉంటే 16, బార్క్‌స్కిన్ ఉన్నా 16, చూడటానికి రెండూ ఒకటే. ఇప్పుడు షీల్డ్ వెయ్యి. మేజ్ ఆర్మర్ ఉన్నోడికి 21. బార్క్‌స్కిన్ ఉన్నోడికి అసలు ఏసీ 13, దానికి 5 కలిపితే 18, అది 16 కంటే ఎక్కువ కాబట్టి 18, అంతేగానీ 21 కాదు. ఇది నేను ఎంతమందికి చెప్పానో, ప్రతివాడూ మొదట మొహం మాడ్చుకున్నోడే. 2024లో ఆ 16ని 17 చేశారు, పద్ధతి మాత్రం అదే. లెక్క మార్చేవి రెండున్నాయనుకో, మంక్‌కి సొంతంగా ఉండే 10 ప్లస్ డెక్స్ ప్లస్ విజ్‌డమ్, పైన మేజ్ ఆర్మర్, ఏదో ఒకటి ఎంచుకోవాలి, రెండూ కలపటం కుదరదు.

ఒకే పేరున్న స్పెల్ రెండుసార్లు పడితే కలవదు. ఇద్దరు క్లెరిక్‌లు (పూజారి పాత్రలు) ఒకడి మీదే బ్లెస్ వేస్తే వాడు వేసే డైస్‌కి ఒక్క డీ4 (నాలుగు ముఖాల డైస్) కలుస్తుంది, రెండు కాదు, రెండు గొడుగులు పట్టుకున్నంత మాత్రాన రెండింతలు తడవకుండా ఉంటామా. కానీ పేర్లు వేరైతే రెండూ పనిచేస్తాయి. మీ క్లెరిక్ బ్లెస్ వేశాడు, శత్రువు దానికి ఉల్టా అయిన బేన్ వేశాడు, మనవాడు సేవ్ కూడా ఫెయిలయ్యాడు, అప్పుడు ఒకదాన్ని ఇంకోటి కొట్టెయ్యదు, ఒక డీ4 కలుపు, ఒక డీ4 తీసెయ్, రెండు డైసూ వెయ్యాల్సిందే. టెంపరరీ హిట్ పాయింట్లు (తాత్కాలికంగా వచ్చే అదనపు ప్రాణం) కూడా కలవవు, ఉన్నవో కొత్తవో ఒకటే ఉంచుకోవాలి.

నేను మొదలుపెట్టింది 3.5 ఎడిషన్‌లో, ఆఫీస్ క్యాంటీన్‌లో షిఫ్ట్ అయ్యాక. అప్పుడు ప్రతి బోనస్‌కీ ఒక కులం ఉండేది, ఎన్‌హాన్స్‌మెంట్ అని, మొరేల్ అని, డిఫ్లెక్షన్ అని, ఒకే రకం రెండు కలవవు, డాడ్జ్ మాత్రం కలుస్తుంది, మా టీమ్‌లో ఒకాయన దానికోసం ఎక్సెల్ షీట్ పెట్టుకుని తిరిగేవాడు. దాంతో పోలిస్తే మీరు సుఖపడుతున్నారు.

అడ్వాంటేజ్ (ఇరవై ముఖాల డీ20లు రెండు వేసి పెద్దది తీసుకోవటం), డిసడ్వాంటేజ్ (చిన్నది తీసుకోవటం) కూడా అలాగే సింపుల్ చేశారు, కొంచెం ఎక్కువే చేశారని నా గొడవ. ఒక అడ్వాంటేజ్, మూడు డిసడ్వాంటేజ్‌లు ఉన్నా సరే, అన్నీ కొట్టుకుపోయి మామూలుగా ఒక్క డీ20. దీనివల్ల డార్క్‌నెస్ స్పెల్ దగ్గర ఒక వింత జరుగుతుంది. 15 అడుగుల చీకటి, డార్క్‌విజన్ (చీకట్లో చూసే శక్తి) ఉన్నోడికీ లోపల కనపడదు. లోపల ఇద్దరు కొట్టుకుంటున్నారు. నువ్వు వాణ్ణి చూడలేవు కాబట్టి నీకు డిసడ్వాంటేజ్, వాడు నిన్ను చూడలేడు కాబట్టి నీకు అడ్వాంటేజ్, చెల్లుకు చెల్లు. అంటే రెండో లెవెల్ స్లాట్ (స్పెల్స్ ఇన్నే వెయ్యగలవు అని ఉండే కోటాలో ఒకటి) ఖర్చుపెట్టి చీకటి చేస్తే ఇద్దరూ పట్టపగల్లాగే కొట్టుకుంటారు. ఇంకా ఘోరమేంటంటే, లాంగ్ రేంజ్‌లోంచి బాణమేసేవాడికి ఉండాల్సిన డిసడ్వాంటేజ్ కూడా ఆ చీకటి పుణ్యమాని కొట్టుకుపోతుంది. రూల్ అదే. నాకు నచ్చదు, అయినా మార్చకుండానే ఆడిస్తా, ఒకటి మారిస్తే ఇంకో నాలుగు కదుల్తాయి.

పెద్దది చిన్నదాన్ని మింగే లెక్క ఉన్న కొద్ది చోట్లలో ఈ డార్క్‌నెస్ ఒకటి, అందుకే అది స్పెల్‌లోనే రాసిపెట్టారు. రెండో లెవెల్, అంతకంటే తక్కువ లెవెల్ స్పెల్‌తో వచ్చిన వెలుగు దాని మీద పడితే ఆ వెలుగు స్పెల్ పోతుంది, లైట్ అనే క్యాంట్రిప్ (స్లాట్ అక్కర్లేని చిన్న స్పెల్) అయితే దీపం ఆరిపోయినట్టే. డేలైట్ మూడో లెవెల్ కాబట్టి అది తిరగబడి, మూడో లెవెల్ దాకా ఉన్న చీకటిని పోగొడుతుంది.

ఇప్పుడు అసలైనది, కాన్‌సన్‌ట్రేషన్. కొన్ని స్పెల్స్ నిలవాలంటే వేసినోడు మనసు వాటి మీదే పెట్టి ఉంచాలి. ఒకడు ఒకసారికి అలాంటి కాన్‌సన్‌ట్రేషన్ స్పెల్ ఒక్కటి మాత్రమే పట్టుకోగలడు, రెండోది మొదలెడితే మొదటిది పోతుంది. దెబ్బ తగిలితే కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) సేవ్, డీసీ, అంటే డైస్ అందుకోవాల్సిన అంకె, 10 లేదా తగిలిన డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది. 14 తగిలితే సగం 7, కాబట్టి 10. 30 తగిలితే 15. రెండు బాణాలు తగిలితే రెండు సేవ్‌లు. నేను నీలాగే డీఎమ్ (ఆట నడిపించే మనిషి) అయిన కొత్తలో పాపం కొత్త పిల్లలు కదా అని మూడు నెలలు ఈ సేవ్‌లు అడగలేదు. నాలుగో నెల ఒక పెద్ద ఫైట్‌లో గుర్తొచ్చి అడిగా. విజార్డ్ ఫెయిలయ్యాడు, వాడు ఫైటర్ మీద వేసిన హేస్ట్ (వేగం పెంచే స్పెల్) పోయింది, హేస్ట్ పోతే ఆ ఫైటర్ తన తర్వాతి టర్న్ అయ్యేదాకా కదల్లేడు, ఏమీ చెయ్యలేడు, సరిగ్గా ఆ టైమ్‌లోనే రాక్షసుడి పక్కన నిలబడి ఉన్నాడు. ఆ ఫైటర్ ఆడే అమ్మాయి రెండు వారాలు నాతో మాట్లాడలేదు, న్యాయమే, మూడు నెలలు లేని రూల్ నాలుగో నెల ఆకాశంలోంచి ఊడిపడితే ఎవరికైనా మండుతుంది. కాబట్టి జాలిపడి రూల్ వదలొద్దు. మొదటి రోజు నుంచీ అడుగు, కాన్‌సన్‌ట్రేషన్ ఉన్నోడి ముందు ఒక చింతగింజో గవ్వో పెట్టు, అది కనపడితే నీకూ గుర్తుంటుంది, వాడికీ గుర్తుంటుంది.

హేస్ట్ గురించి ఇంకో కథ కూడా ఉంది, ఇది డిస్పెల్ మ్యాజిక్‌ది. ఫైటర్ మీద మనవాడి హేస్ట్ ఉంది. శత్రువు వాడి మీద హోల్డ్ పర్సన్ వేసి బిగించేశాడు. మన సార్సరర్ ఎంతో తెలివిగా ఫైటర్ మీద డిస్పెల్ మ్యాజిక్ వేశాడు. డిస్పెల్‌కి మంచీ చెడూ తెలీదు, ఆ మనిషి మీద మూడో లెవెల్ దాకా ఉన్న ప్రతి స్పెల్‌నీ తీసేస్తుంది, అంతకంటే పెద్దవాటికి 10 ప్లస్ స్పెల్ లెవెల్ డీసీతో చెక్ వెయ్యాలి. హోల్డ్ పోయింది, హేస్ట్ కూడా పోయింది, ఫైటర్ మళ్ళీ ఒక టర్న్ రాయిలా నిలబడ్డాడు. ముల్లు తియ్యబోయి కాలు తీసినట్టు. ఏం చేసుండాల్సింది? హోల్డ్ పర్సన్ కూడా కాన్‌సన్‌ట్రేషనే కదా, ఆ వేసినోణ్ణి నాలుగు బాదుంటే సరిపోయేది. ఇది నీ ప్లేయర్లకి చెప్పకు, వాళ్ళే కనిపెట్టనీ, కనిపెట్టిన రోజు వాళ్ళ మొహాలు చూడాలి.

కౌంటర్‌స్పెల్‌కి, అంటే అవతలోడి స్పెల్‌ని మధ్యలోనే ఆపే స్పెల్‌కి, ఒక అలవాటు చేసుకో. శత్రువు ఫైర్‌బాల్ వేస్తున్నాడు అని నువ్వు ముందే అనేస్తే అందరూ దానికోసమే దాచుకుంటారు. వాడు ఏదో స్పెల్ మొదలెట్టాడు, ఎవరైనా ఆపుతారా అని అడుగు, రెండు సెకన్లు ఆగు, తర్వాత పేరు చెప్పు. నువ్వూ వాళ్ళ స్పెల్ పేరు విన్నాక డిసైడ్ చేసుకోకు మరి, అది దొంగాట. 2014లో మూడో లెవెల్ దాకా దానంతటదే ఆగిపోతుంది, పైవాటికి చెక్, ఆగిపోయినోడి స్లాట్ కూడా గోవిందా. 2024లో అవతలోడు కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేస్తాడు, ఫెయిలైనా స్లాట్ మిగుల్తుంది. నిన్న రాత్రి గొడవలో సగం దీనివల్లే అయ్యుంటుంది. కౌంటర్‌స్పెల్‌ని ఇంకో కౌంటర్‌స్పెల్‌తో ఆపొచ్చా అంటే ఆపొచ్చు, రియాక్షన్ (అవతలోడి టర్న్‌లోనూ చేసుకోగలిగే ఒక్క పని) మిగిలుండి, 60 అడుగుల్లో ఉండి, వేసేవాడు కనపడుతుండాలి అంతే.

రాసింది జరుగుతుంది అన్నానే, దానికి వెబ్ (సాలెగూడు), గ్రీజ్ (జిడ్డు) అనే స్పెల్స్ చూడు. వెబ్‌కి నిప్పంటుకుంటుందని దాంట్లోనే ఉంది, నిప్పు తగిలిన ప్రతి 5 అడుగుల ముక్కా ఒక రౌండ్‌లో కాలిపోతుంది, ఆ మంటలో టర్న్ మొదలెట్టినోడికి 2 డీ4. గ్రీజ్‌కి నిప్పంటుకుంటుందని 2014లో ఎక్కడా లేదు. ప్రతి గుంపులోనూ ఒకడు ఉంటాడు, గ్రీజంటే జిడ్డే కదా నూనే కదా అని. కాదు, ఒకటో లెవెల్ స్పెల్‌తో జారుడూ మంటా రెండూ వచ్చేస్తే వెబ్ ఎవడు నేర్చుకుంటాడు. నిప్పే కావాలంటే సామాన్లలో లాంప్ ఆయిల్ ఉంది, దానికి వేరే రూల్ ఉంది, కొనుక్కోమను.

ఇన్ని చెప్పినా నీకు రూల్ గుర్తురాని క్షణం వస్తుంది. అప్పుడు పుస్తకం తియ్యకు. ఒక నిమిషంలో నీకు న్యాయమనిపించింది చెప్పి, ఇవాళ్టికి ఇలా, ఇంటికెళ్ళాక చూసి చెప్తా అని కాయితం మీద రాసుకుని ముందుకెళ్ళిపో. తర్వాత నువ్వు తప్పని తేలితే గ్రూప్‌లో ఒప్పుకో, కానీ జరిగిన ఫైట్ వెనక్కి తిప్పకు. ఒకే టర్న్‌లో రెండు విషయాలు ఒకేసారి జరగాల్సొస్తే, ఏది ముందు అన్నది ఆ టర్న్ ఎవరిదైతే వాళ్ళే చెప్తారు, ఈ ఒక్క రూల్ వల్ల మా ఇంట్లో ఆదివారాలు చాలా ప్రశాంతంగా గడుస్తున్నాయి.

చివర్లో గొంతు తగ్గించి అడిగావే, మీ గుంపులో ఒక అమ్మాయి దగ్గర బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ (లోపల ఎంతో పట్టే మాయ సంచీ) ఉంది, నువ్వు శనివారం ఇచ్చే నిధిలో పోర్టబుల్ హోల్ (మడిచి పట్టుకెళ్ళే మాయ గొయ్యి) పెట్టా పర్లేదా అని. తీసెయ్యరా బాబూ. ఒకదాంట్లో ఒకటి పెట్టిన మరుక్షణం రెండూ నాశనం, ఆస్ట్రల్ ప్లేన్ అనే ఇంకో లోకానికి దారి తెరుచుకుని 10 అడుగుల్లో ఉన్నోళ్ళందరినీ లాగేస్తుంది, వెనక్కి దారి ఉండదు. ఆ పిల్ల ఎలాంటిదో నువ్వే చెప్పావు, పది నిమిషాల్లో పెట్టి చూస్తుంది. నీ దగ్గర ఆస్ట్రల్ ప్లేన్‌కి ఒక్క మ్యాప్ కూడా లేదు.

మీ పిన్ని