టెక్ సందేహాలు: స్లాంగ్ మాటలు రాసిపెట్టుకోవడం ఎలా?

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసులో 'ఆర్వో' (మధ్యాహ్నం), 'సర్వో' (పెట్రోల్ బంకు), 'థాంగ్స్' లాంటి మాటలు తెగ వినిపిస్తాయి. అర్బన్ డిక్షనరీలో వెతికితే ఒక్కో మాటకు పది అర్థాలు చూపిస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు: 1999లో మొదలైన ఆ సైట్‌లో ఎవరైనా అర్థం రాయొచ్చు. పైన కనిపించేది ఎక్కువ ఓట్లు పడ్డ అర్థమే తప్ప సరైనది కానక్కర్లేదు. జోకులకు ఓట్లు బాగానే పడతాయి మరి! మాట వాడుకలో ఉండొచ్చన్న సూచనకు అది పనికొస్తుంది, అర్థానికి చాలదు.

అర్థం కోసం ఇంగ్లిష్ విక్షనరీ (వికీపీడియా తరహా ఆన్‌లైన్ నిఘంటువు) చూడండి. అక్కడ ఏ దేశపు వాడుకో అర్థం పక్కనే రాస్తారు. ఈ ముక్క చాలా ముఖ్యం. థాంగ్స్ అంటే మీ దగ్గర హవాయి చెప్పులు, అమెరికాలో లోదుస్తులు. 'పిస్డ్' అంటే బ్రిటన్‌లో తాగి ఉన్నాడని, అమెరికాలో కోపంగా ఉన్నాడని. దక్షిణాఫ్రికా మిత్రుడు 'జస్ట్ నౌ' వస్తానంటే కాసేపు కూర్చోవాల్సిందే. మాట ఎంత పాతదో తెలియాలంటే జొనాథన్ గ్రీన్ స్లాంగ్ నిఘంటువు ఉంది. 2010లో 3 సంపుటాలుగా అచ్చయింది, 2016 నుంచి ఆన్‌లైన్‌లోనూ ఉంది. అర్థాల కింద తేదీలతో సహా ఉదాహరణ వాక్యాలు ఇస్తారు.

గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్‌తో మాత్రం జాగ్రత్త. ఏ మాట ఏ ఏడు ఎంత వాడారో గ్రాఫ్ గీసి చూపిస్తుంది కానీ, అది వెతికేది పుస్తకాల్లో. అక్కడ 'సర్వో' కొడితే గ్రాఫ్ బ్రహ్మాండంగా లేస్తుంది. అదంతా సర్వో మోటార్ల లెక్క. మీకు కావలసిన 'పెట్రోల్ బంకు' అర్థం అందులో ఎక్కడో మునిగిపోయి ఉంటుంది.

ప్రశ్న: సేకరించిన మాటలను తెలుగు అర్థాలతో గూగుల్ షీట్స్‌లో పెట్టి సీఎస్‌వీగా దించుకున్నాను. ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చిగీతల్లా వస్తోంది. పైగా '6-7' అనే స్లాంగ్ మాట టైప్ చేస్తే తేదీ అయిపోతోంది!

జవాబు: ఫైల్‌కేమీ కాలేదు. షీట్స్ దాన్ని యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే కోడ్) సేవ్ చేసింది. డబుల్ క్లిక్ చేసినప్పుడు ఎక్సెల్ దాన్ని వేరే కోడ్‌గా అనుకుని చదివింది. ముందు ఖాళీ వర్క్‌బుక్ తెరవండి. డేటా ట్యాబ్‌లో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' నొక్కి ఫైల్ ఎంచుకోండి. ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8, డేటా టైప్ డిటెక్షన్ దగ్గర 'డు నాట్ డిటెక్ట్' పెట్టి లోడ్ చేయండి. రెండోది మరిస్తే తేదీల గొడవ మళ్లీ మొదటికొస్తుంది.

నేరుగా టైప్ చేసేటప్పుడైతే ముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్ ఫార్మాట్‌కి మార్చండి. టైప్ చేశాక మారిస్తే లాభం లేదు, అప్పటికే 6-7 జులై 6 అయిపోయి ఉంటుంది. '-ఇష్' లాంటి ప్రత్యయాన్ని ఇంగ్లిష్‌లో కొట్టినా ఇదే తంటా: ముందున్న గీతను మైనస్ అనుకుని ఎక్సెల్ నేమ్ ఎర్రర్ ఇస్తుంది. టెక్స్ట్ ఫార్మాట్‌తో అదీ పోతుంది.

ఎలాగూ షీట్ సర్దుతున్నారు కాబట్టి కాలమ్స్ కూడా పెంచండి: మాట, విన్న వాక్యం యథాతథంగా, తేదీ, ఊరు, మాట్లాడినవారి వయసు సుమారుగా, ఎక్కడ విన్నారు (మాటల్లోనా, చాట్‌లోనా, వీడియోలోనా), లింకు, చివర్లో తెలుగు అర్థం. అర్థం తప్పైతే రేపు దిద్దుకోవచ్చు. వాక్యం, తేదీ ఇవాళ రాయకపోతే మళ్లీ దొరకవు. విక్షనరీలో ఇంగ్లిష్ మాట నిలవాలన్నా సాధారణంగా ఏడాదికి పైగా వ్యవధిలో 3 వేర్వేరు వాడుకలు చూపాలి.

ప్రశ్న: ఉదాహరణగా దాచుకున్న పోస్టులు కొన్నాళ్లకు మాయమవుతున్నాయి.

జవాబు: చూసిన రోజే వేబ్యాక్ మెషీన్‌లో (వెబ్ పేజీల నకళ్లు దాచే సైట్) 'సేవ్ పేజ్ నౌ' పెట్టెలో లింకు అతికించి, వచ్చిన కొత్త లింకును షీట్‌లో రాసుకోండి. లాగిన్ అడిగే పేజీలు చాలావరకు అందులో పడవు. వాటికి తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, పేరు, ఫొటో చెరిపేయండి. వాట్సాప్ గ్రూపు సందేశాలైతే వాక్యం మాత్రమే కాపీ చేసుకుంటే మేలు.

ప్రశ్న: వాయిస్ టైపింగ్‌తో రాస్తే స్లాంగ్ మాటలు మారిపోతున్నాయి.

జవాబు: తెలియని మాట వినగానే అది తెలిసిన మాటల్లోకి లాగేస్తుంది. చేత్తోనే టైప్ చేయండి. జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్) సెట్టింగ్స్‌లో ఆటో కరెక్షన్ ఆపండి. ఉచ్చారణ కావాలంటే అవతలివారి అనుమతి తీసుకుని రికార్డ్ చేయండి. మోనో, 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్ నిమిషానికి 5 ఎంబీకి కాస్త పైన తింటుంది.