పాత మేస్త్రీ రేటు పెంచి అడిగితే మోసమా?

2021-22లో కింది అంతస్తు కట్టిన మేస్త్రీయే పై అంతస్తుకి ఎక్కువ అడుగుతున్నాడన్నారు, అది మోసమేనా అని మీ ప్రశ్న. ఎంత పెంచాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

దేశంలో చిల్లర ధరలు 2022-23లో సగటున 6.7 శాతం, తర్వాతి ఏడాది 5.4, ఆ తర్వాత 4.6 శాతం పెరిగాయి. ఇవి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి కాబట్టి మొత్తం దాదాపు 17.6 శాతం. అంటే అప్పుడు అడుగుకి 300 ఇచ్చి ఉంటే, 2024-25 నాటికి 353 అడిగినా అతనికి కొత్తగా మిగిలేదేమీ లేదు, పాత రేటుకే చేస్తే మాత్రం కూలీలకి పెంచింది తన జేబులోంచే పోతుంది. 400 అంటే మాత్రం బేరం ఆడండి.

లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో కలిపా అన్నది కూడా చూసుకోండి. సిమెంట్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్‌లో 28 నుంచి 18 శాతానికి తగ్గింది, మెటీరియల్ కూడా అతనిదే అయితే ఆ సంగతి మీరే ఎత్తాలి, తనంతట తను చెప్పడు!

పని సగంలో ఆపి పెంచమంటే అది వేరే కథ. అందుకే సెంట్రింగ్ కొట్టకముందే రేటు కాగితం మీద రాసుకోండి.