ఇండియాకి విదేశాల్లో పలుకుబడి తెచ్చింది యోగానా, సినిమాలా?

రెండూ కాదు, బియ్యం. కాకినాడలో బియ్యం ఎగుమతి కాగితాల పని చేస్తాను కాబట్టి గట్టిగానే చెబుతున్నా.

యోగా దినం కోసం 2014లో ఐక్యరాజ్య సమితిలో 177 దేశాలు మనతో కలిసొచ్చాయి, 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చింది. సంతోషమే. టీవీ చర్చల్లో వీటినే తిప్పి తిప్పి చెబుతారు, మా రేవు ఊసెత్తేవాడు ఉండడు. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మనదే. సెనెగల్ రాజధాని డాకర్‌లో చైనా డబ్బుతో పెద్ద థియేటర్, మ్యూజియం కట్టారు. అక్కడి జనం రోజూ తినే చేపల అన్నం చేబూజెన్‌కి మాత్రం నూకలే కావాలి. థియేటర్‌కి రోజూ ఎవడు వెళ్తాడు?

2022 సెప్టెంబర్‌లో నూకల ఎగుమతి ఒక్కసారిగా ఆపేశారు. కోళ్ళ దాణా ధర పెరిగింది, పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌కి నూకలు చాలట్లేదు అన్నారు. మా యాంకరేజ్ రేవులో ఓడ ఒడ్డుకి రాదు, బస్తాలు బార్జీల మీద సముద్రంలోకి తీసుకెళ్ళి ఎక్కించాలి. డాకర్ సరుకు ఇంకా లారీల్లోనే ఉండిపోయింది. పైన ముసురు, టార్పాలిన్ల కింద బస్తాలు. అక్కడి వ్యాపారి రాత్రీ పగలూ ఫోన్లు. "ధర పెంచినా కొనేవాణ్ణి బ్రదర్, మాట తప్పితే నేనేం చెయ్యను?" అన్నాడు. మా హమాలీల మేస్త్రికి ఆ చేపల అన్నం వీడియో ఎప్పుడో చూపించాను. అది గుర్తుంచుకుని, "కోళ్ళకని ఆపేశారా? మరి ఆళ్ళేం తింటారండీ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

2023 జులైలో బాస్మతి కాని తెల్లబియ్యం కూడా ఆపేశారు. అడిగిన దేశాలకి ప్రభుత్వాల మధ్య కోటాలు ఇచ్చారు. తిండి గింజల కోసం అర్జీ పెట్టించుకున్నాక వాళ్ళకి ఎన్ని ఆసనాలు నేర్పితే ఏం లాభం? 2021లో టీకాలూ అంతే: జనవరిలో పంపాం, ఇక్కడ రెండో వేవ్ రాగానే ఆపేశాం. మన జనం ముందు అనడం న్యాయమే, కానీ మధ్యలో వదిలేస్తే పంపినందుకు వచ్చిన మంచి పేరు కూడా పోతుంది.

తెల్లబియ్యం 2024 సెప్టెంబర్‌లో, నూకలు 2025 మార్చిలో మళ్ళీ వదిలారు. ఆ డాకర్ ఆయన ఇప్పుడు మా దగ్గర సగమే కొంటున్నాడు, మిగతాది పాకిస్తాన్‌ది. పంట తగ్గితే కొత్త బేరాలు ఆపండి, తప్పులేదు. సంతకాలు అయిపోయిన సరుకుని మాత్రం ఓడ ఎక్కనివ్వాలి.