పచ్చ ఈగలకు ఎత్తు హద్దు ఉందా?

ప్రశ్న: అంతర్వేది తీరంలో ఎండబెట్టిన చేపల మీద ముసిరే పచ్చ ఈగలు మారేడుమిల్లి అడవిలో మాకు దాదాపు కనబడలేదు. ఎత్తు పెరిగితే ఇవి బతకవా? కొండల మీద వేరే రకాలుంటే, గోదావరి వరదతో అవి మా లంకలకు చేరే వీలుందా? (ఒక పాఠకురాలు, రాజోలు)

జవాబు: మీరు చూసినవి బ్లోఫ్లై కుటుంబానికి చెందిన ఈగలు. మన తీరప్రాంతాల్లో ఎండుచేపలను ఎక్కువగా పాడుచేసేది వీటిలో క్రైసోమియా మెగాసెఫాలా అనే జాతి. నీలం కలిసిన పచ్చని మెరుపు, నారింజ రంగు బుగ్గలు దీని గుర్తులు. మగ ఈగను భూతద్దం కింద పెట్టి చూస్తే ఎర్రని కళ్ళలో పై సగం గళ్ళు పెద్దవిగా, కింది సగం గళ్ళు చిన్నవిగా, మధ్యలో గీత గీసినట్టు స్పష్టంగా కనిపిస్తాయి. తడి ఆరని చేప మీద ఆడ ఈగ ఒక్క విడతలో రెండు మూడు వందల గుడ్లు పెడుతుంది. మన వేడికి అవి ఒక్క రోజులోనే పొదిగి, పది పన్నెండు రోజుల్లో కొత్త ఈగలవుతాయి.

మారేడుమిల్లిలో మీకు ఇవి కనబడకపోవడానికి ఎత్తు కారణం కాదు, ఎందుకంటే అది ఈ ఈగలను ఆపగలిగేంత ఎత్తైన చోటు కాదు. చేపల వాడలోనూ సంతలోనూ ఆహారం ఒకేచోట రోజూ దొరుకుతుంది కనుక ఈగలు గుంపుగా కనిపిస్తాయి. అడవిలో చచ్చిన జంతువు ఎక్కడో ఒకచోట, ఎప్పుడో ఒకప్పుడు మాత్రమే దొరుకుతుంది కనుక చెదిరి ఉంటాయి. కళేబరం పడిందంటే మాత్రం కాసేపట్లోనే వచ్చి వాలతాయి.

అసలు ఎత్తు ప్రభావం ఇంకా పైన మొదలవుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. చలిలో క్రైసోమియా పిల్లపురుగులు నెమ్మదిగా ఎదుగుతాయి కాబట్టి, కుళ్ళిన మాంసం కోసం సాగే పోటీలో వెనకబడతాయి. అక్కడ చలికి అలవాటుపడిన కాలిఫోరా జాతుల నీలి ఈగలది పైచేయి అవుతుంది. థాయిలాండ్‌లో 2,565 మీటర్ల దోయ్ ఇంథనాన్ వంటి కొండలు ఇటువంటి మార్పును గమనించడానికి అనువైనవి. తూర్పు కనుమలు అత్యధికంగా 1,700 మీటర్లకు కాస్త లోపే ఆగిపోతాయి గనుక మన దగ్గర చల్లని పట్టీ చాలా ఇరుకైనది.

ఉష్ణమండలంలో ఈ హద్దులు మరింత గట్టిగా ఉండవచ్చునని 1967లో డేనియల్ జాన్‌జెన్ అనే జీవశాస్త్రవేత్త వాదించారు. ఏడాది పొడవునా ఒకే తీరు వాతావరణంలో పెరిగిన జీవికి తన వేడి పరిధి దాటి బతకడం అలవాటు కాదనీ, అందువల్ల అక్కడి కనుమ దారి సమశీతోష్ణ దేశాల్లో అంతే ఎత్తున్న దారికంటే దాటడానికి కష్టమవుతుందనీ ఆయన ఆలోచన. నాకు ఇది చాలా విలువైన ఆలోచనగా తోస్తుంది, ఎందుకంటే ఎత్తును మీటర్లలో కాక జీవి ఓర్చుకోగల వేడిలో కొలవమని ఇది చెబుతోంది.

వరద గురించి మీ ఆందోళనకూ ఇక్కడే సమాధానం ఉంది. చలి కోరే ఈగ ఒకటి కొట్టుకొచ్చినా మన ఎండల్లో నిలదొక్కుకోలేదు. పైకి వెళ్ళే ప్రయాణమే జరిగే అవకాశం ఎక్కువ: మనుషులను అంటిపెట్టుకుని బతికే క్రైసోమియా మెగాసెఫాలా ఆసియా నుంచి 1970లలో బ్రెజిల్ దాకా చేరింది. కొండ మీద రోడ్డు, హోటలు, చెత్తకుప్ప వెలిసిన చోటికి అది తేలికగా చేరగలదు. కాబట్టి మారేడుమిల్లికి మళ్ళీ వెళ్తే అడవి మధ్యలోనూ, యాత్రికులు ఎంగిలి విస్తర్లు పడేసే చోటా ఈగలను పోల్చి చూడండి.