ముత్తాత సమాధి వెతికే పద్ధతి

ప్రియమైన బాబుకు,

ప్రభువు నామమున శుభములు. మీ ముత్తాతగారి సమాధి ఎక్కడుందో తెలియడం లేదని, సెలవుల్లో వచ్చి సమాధుల తోటలన్నీ తిరిగి చూస్తానని రాశావు. అలా తిరిగితే కాళ్ళ నొప్పులే మిగులుతాయి. ఆ రోజుల్లో చాలామందివి మట్టి సమాధులు, రాయి వేయించే స్తోమత కొద్దిమందికే ఉండేది. ఆయన పేరు మిగిలి ఉంటే చర్చి సంఘం రిజిస్టర్లోనే ఉంటుంది. ముందు దాన్ని పట్టుకో.

బయల్దేరే ముందు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఆయన బాప్తిస్మానికి ముందు పేరు, తర్వాతి పేరు, తండ్రి పేరు, భార్య పేరు రాబట్టు. ఇంటిపేరునే నమ్ముకోకు, పాత పుస్తకాల్లో చాలాచోట్ల అది రాయనే లేదు. ఒకే ఊళ్ళో నలుగురు యోహానులు కనబడితే వాళ్ళను విడదీసేది తండ్రి పేరే. చనిపోయిన సంవత్సరం ఎవరికీ గుర్తు లేకపోతే, 1977 దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా, పెద్దత్త పెళ్ళి అప్పటికి అయిందా అని అడుగు. అటూ ఇటూ ఐదేళ్ళ లోపుకు తెచ్చుకుంటే చాలు.

తర్వాత మీ వాళ్ళది ఏ మిషన్, అంటే ఏ మిషనరీ సంస్థ సంఘం అన్నది తేల్చుకో. గుంటూరు, పల్నాడు వైపు 1842లో హేయర్ దొర వచ్చినప్పటి నుంచి లూథరన్లు. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులు. కాకినాడ కెనడియన్ బాప్టిస్టులు. బందరు వైపు సి.ఎం.ఎస్. (చర్చ్ మిషనరీ సొసైటీ), ఆ సంఘాలు 1947లో సి.ఎస్.ఐ.లో (దక్షిణ ఇండియా సంఘం) కలిశాయి. ఇది తెలియాలి, ఎందుకంటే లూథరన్లు, సి.ఎం.ఎస్. వాళ్ళు పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు కనుక ఆ తేదీని బట్టి వయసు కట్టొచ్చు. బాప్టిస్టులు ఎదిగినవాళ్ళకే ఇస్తారు, ఆ తేదీతో వయసు తేలదు. పైగా 1878 జూలై 3న ఒంగోలు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మీ వాళ్ళు ఆ గుంపులో ఉంటే పల్లె పేరు లేకుండా మనిషిని గుర్తుపట్టడం కష్టం.

రిజిస్టరు పల్లె గుడిలో ఉండదు, పాస్టరేట్ (ఒక పాస్టరు కింద ఉండే పల్లె సంఘాల గుంపు) కేంద్రంలో ఉంటుంది. పాస్టరేట్లు తర్వాత విడిపోయాయి కాబట్టి అప్పట్లో మీ ఊరు దేని కింద ఉండేదో పాస్టరు అయ్యగారిని అడుగు. ముందే ఉత్తరం రాసి, ఆదివారం కాకుండా మామూలు రోజున వెళ్ళు. పల్లెలో ఉపదేశి (పాస్టరు లేనప్పుడు సంఘాన్ని చూసుకునేవాడు) సమాధి చేయించి, అయ్యగారు పర్యటనకు వచ్చినప్పుడు రాయించిన సందర్భాలుంటాయి, అందుకని తర్వాతి ఏడాది పేజీలు కూడా తిప్పు. సమాధుల రిజిస్టర్లో లేకపోతే సభ్యుల జాబితా చూడు, పేరు కొట్టేసి పక్కన మరణ తేదీ రాసి ఉండొచ్చు. కతోలిక విచారణల (వాళ్ళ పాస్టరేట్ల లాంటివి) పాత పుస్తకాలు లాటిన్‌లో ఉంటాయి: ఒబీయిత్ అంటే మరణించెను, సెపుల్తుస్ అంటే సమాధి చేయబడెను. దొరికిన పేజీ మొత్తం ఫ్లాష్ లేకుండా ఫొటో తీసుకో, పుస్తకం అట్ట కూడా.

మిషన్ ఆసుపత్రిలో పోయినవాళ్ళను ఆ పట్టణంలోనే పెట్టి ఉండొచ్చు. ఊళ్ళో కనబడకపోతే అక్కడ చూడు.

ప్రభుత్వ మరణాల రిజిస్టరు నకలు కూడా అడుగు. అందులో మరణ కారణం ఇవ్వరు, చట్టమే వద్దంటుంది. నీకు కావలసింది తేదీ, ఊరు. దొరక్కపోతే లేదని రాసిచ్చే సర్టిఫికెట్ తీసుకో.

ఇక అసలు చిక్కు. రిజిస్టర్లో ఊరి పేరే ఉంటుంది గానీ ఏ తోటో ఉండదు. కులానికొక శ్మశానం ఉన్న ఊళ్ళు మనవి. తహసీల్దారు ఆఫీసులో గ్రామ పటం, ఆర్.ఎస్.ఆర్. (సర్వే నంబర్ల వారీగా భూముల వివరాలుండే పాత రిజిస్టరు) చూసి శ్మశాన పోరంబోకు అని రాసిన సర్వే నంబర్లన్నీ రాసుకో. కొన్నింటి మీదుగా ఇప్పుడు రోడ్డో కాలువో వెళ్ళి ఉంటుంది.

తోటలోకి వెళ్ళాక రాతి మీది సున్నాన్ని ఇనుప బ్రష్షుతో గీకొద్దు, యాసిడ్ అసలే వద్దు, కడప రాయి పొరలు పొరలుగా లేచిపోతుంది. నీళ్ళు, మెత్తని బ్రష్షు చాలు. ఉదయం ఏటవాలు ఎండలో అక్షరాలు తేలతాయి. రాయి లేకపోతే చుట్టుపక్కల సమాధుల పేర్లన్నీ రాసుకో, కుటుంబాలను దగ్గరదగ్గరగా పెట్టేవారు. పాత మట్టి సమాధుల మీదే కొత్తవి కట్టిన తోటలైతే ఫలానా చోటని చెప్పలేం, ఫలానా తోట అన్నంతవరకే తేలుతుంది. వీలైతే ఈస్టర్‌కు రా. తెల్లవారుజామున కొవ్వొత్తులతో ఊళ్ళో ముసలివాళ్ళంతా తోటకు వస్తారు, అడగాల్సింది వాళ్ళనే.

ఇట్లు,
నీ శ్రేయస్సు కోరే తాతయ్య